ఎర్ర సముద్రంలో ముంచుతానన్నారు

పత్తికి తెల్లదోమ తగిలిన ఏడాది మా వైపు ఎవర్ని పలకరించినా ఒకటే మాట. "మునిగిపోయామమ్మా." సొంత చేను ఉన్నవాళ్ళూ మునిగారు, కౌలుకు చేసినవాళ్ళూ మునిగారు. పురుగుమందుల కొట్టతను కూడా మునిగానన్నాడు గానీ ఆయన్ని ఎవరూ నమ్మలేదు. సరిగ్గా ఆ ఏడాదే మా ఆయన నన్ను ముంచుతానని కబురు పంపారు. అది కూడా ఎర్ర సముద్రంలో.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను పుట్టింది పొన్నూరు దగ్గర. కాలువలు, బోదెలు, మోకాటి లోతు వరిచేలు. గుమ్మం దిగితే నీళ్ళే. అంత నీటి సౌకర్యం ఉన్న ఊళ్ళో మా గుడివాళ్ళు పసిబిడ్డ నుదుటిమీద నాలుగు చుక్కలు చిలకరించి బాప్తిస్మం అయిపోయిందనేవారు. మెట్టినిల్లేమో ప్రకాశం జిల్లాలో, మిరపచేలకీ పత్తిచేలకీ మధ్య ఒక పేట. తాగేనీళ్ళకి బిందెలు వరసలో పెట్టి కూర్చునే ఊరు. అక్కడిది ముంచుడు గుడి. మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపితే తప్ప వాళ్ళ లెక్కలో అది బాప్తిస్మం కాదు. సాగర్ కాలువకి నీళ్ళు వదిలేదాకా కాచుకుని ఉండి, వదిలిన వారంలోనే పేరిచ్చినవాళ్ళందరినీ తీసుకెళ్ళి ముంచేవారు. నీళ్ళున్నచోట చిలకరింపు, నీళ్ళు లేనిచోట ముంచుడు. దేవుడికి కూడా కాస్త వేళాకోళం ఉందనుకునేదాన్ని, పైకి అనేదాన్ని కాదు.

పెళ్ళిమాటలు దీని దగ్గరే ఆగిపోయాయి. "పిల్లని ముంచాకే పెళ్ళి" అంది మా అత్తమ్మ. మా నాన్న చిలకరింపు గుడిలో వాక్యం చెప్పే మనిషి. "ఒకసారి అయినదాన్ని మళ్ళీ చేయిస్తే మొదటిది అబద్ధమనా?" అని తుండు దులిపి భుజాన వేసుకుని లేచాడు. అంతా అయిపోయిందనుకున్నాం. అప్పుడు మా ఆయన వరండా చివర నేను నిలబడ్డ తలుపు దగ్గరికొచ్చి, నా మొహం చూడకుండా గడపని చూస్తూ, "నిన్నెవరూ ముంచరు. పూచీ నాది" అన్నారు. మన భాషలో ఆ మాటకి రెండర్థాలు. నాకు రెండూ నచ్చాయి. ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఆ ఇంటికొచ్చాను.

వచ్చాక ఆయన ఎక్కువ రోజులు లేరు. ఏసీ మెషిన్ల పని నేర్చిన మనిషి, ఏజెంటు పిలవగానే అరబ్బు దేశానికి వెళ్ళిపోయారు. మొదట ఎడారిలో ఏదో క్యాంపు. తరవాత ఎర్ర సముద్రం ఒడ్డున, అంతవరకూ జాలరి గుడిసెలు తప్ప ఏమీ లేనిచోట, కొత్తగా హోటళ్ళు లేపుతుంటే అక్కడికి మార్చారు. నేను పేట బడిలో టీచరుగా ఉంటూ, మా అత్తమ్మతో ఆ రెండు గదుల ఇంట్లో మిగిలాను. మామగారు అప్పటికే లేరు. పగలంతా పిల్లల గోల. సాయంత్రం ఇంటికొస్తే నేనూ అత్తమ్మా చెరో పక్క కూర్చుని ఒకే పొయ్యి వంక చూసేవాళ్ళం. ఆమె చెడ్డది కాదు. నేనూ కాదు. మా మధ్య మాట్లాడుకోవలసిన మనిషి ఊళ్ళో లేడు, అంతే.

ఒంటరితనం అసలు తెలిసేది మాత్రం నెలకోసారి వచ్చే బల్ల ఆదివారం నాడు. ఆ రోజు గుడిలో రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. దాన్ని మేం బల్ల అంటాం. మునగనివాళ్ళకి బల్ల ఇవ్వరు. అందరూ లేచి వరసగా బల్ల దగ్గరికి వెళ్ళేవారు, నేను వెనక బెంచీమీద కూర్చుని ఉండేదాన్ని. నా పక్కన ఇంకా పళ్ళు రాలని పిల్లలు, అప్పుడప్పుడూ తాగి పట్టుబడి బల్ల ఆపేసిన ఒకరిద్దరు మగాళ్ళు. అత్తమ్మ బల్ల తీసుకుని తిరిగొస్తూ ప్రతిసారీ నావైపు ఒక చూపు చూసేది. తిట్టినా బాగుండేది.

ఆయన కబుర్లు క్యాసెట్లలో వచ్చేవి. అక్కడివాళ్ళంతా అదే పని చేసేవారు, కాగితం మీద రాసేకన్నా గొంతు పంపితే ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారని. ఆయన మొదటిసారి సెలవుమీద వచ్చినప్పుడు ఒక టేప్‌రికార్డరు తెచ్చారు. మా ఇంటికి కరెంటు లేదు. అత్తమ్మ దాన్ని తీసుకెళ్ళి గుడి అయ్యగారింట్లో పెట్టింది. అందువల్ల నా మొగుడు నాతో చెప్పే మాటలు నేను అయ్యగారి వరండాలో, అయ్యగారు, అమ్మగారు, పేటలో సగం మంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చోగా వినేదాన్ని. జవాబు కూడా అక్కడే, అందరి ఎదటే చెప్పాలి. పైగా అత్తమ్మకి ఖాళీగా టేపు తిరగడమంటే ప్రాణం పోయినట్టుండేది. నేను ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు, టక్కున బటన్ నొక్కి ఆపేసేది. "ఏం చెప్పాలో అనుకుని అప్పుడు చెప్పమ్మాయ్. టేపు ఊరికే పోతోంది." అలా అనుకుని చెప్పడంవల్ల నా జవాబులన్నీ ఒకటే రకంగా ఉండేవి. ఇక్కడ అందరం క్షేమం, బడి బాగా జరుగుతోంది, ఎండలు ముదిరాయి, మీ ఆరోగ్యం జాగ్రత్త. రేడియోలో వాతావరణం చెప్పే ఆమెకీ నాకూ పెద్ద తేడా లేదు.

ఆ జనవరిలో, మిరప మొదటి కోత అప్పుడు, చీరాల అతనొకడు సెలవుమీద వస్తూ ఆయన ఇచ్చిన క్యాసెట్టు తెచ్చి, బస్సు కండక్టరు చేతికిచ్చి మా ఊరు పంపాడు. దాంతోపాటు ఒక రంగుల కార్డు. తెల్లటి ఇసుక, నీలిరంగు నీళ్ళు, ఒడ్డున గడ్డి కప్పిన నాలుగు గొడుగులు, వెనక సగం లేచిన మేడ. మనిషన్నవాడు లేడు. "పాపం, మనుషులు పాకలేసుకోవడం మానేసి గొడుగులకి కప్పు నేసుకున్నారు" అంది అత్తమ్మ.

ఆదివారం గుడి అయ్యాక వరండాలో అందరం కూర్చున్నాం. ఆయన గొంతు వచ్చింది.

"అమ్మా, బాగున్నావా. ఇక్కడ ఎండ మన కనిగిరి ఎండకి పెద్దన్న. చెట్టన్నది లేదు. సముద్రం ఒడ్డు దాకా ఇసకే. కానీ జనం మాత్రం విమానాలెక్కి వస్తున్నారు. ఎందుకనుకున్నారు? మునగడానికి. దొరలు, దొరసానులు, ముసలాళ్ళు, వయసు పిల్లలు, అందరూ వచ్చి మునిగి పోతున్నారు. నీళ్ళలోంచి లేచినవాళ్ళ మొహాలు చూడాలి, అప్పుడే పుట్టినట్టుంటాయి." తరవాత కొంచెం ఆగి, నా వంతు వచ్చింది. "నీకు వేసవి సెలవులిస్తారుగా. వచ్చెయ్. ఫ్యామిలీ క్వార్టరు ఒకటి ఇస్తామంటున్నారు. నిన్ను కూడా ఎర్ర సముద్రంలో ముంచుతా. భయపడకు, నేను పక్కనే ఉంటా."

టేపు ఇంకా తిరుగుతూనే ఉంది, మా అత్తమ్మ లేచి నిలబడింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. "విన్నారా అయ్యగారూ. నా కొడుకు మారాడు. కాలవలో ఒద్దన్నవాడు ఎర్ర సముద్రంలో బాప్తిస్మం ఇప్పిస్తానంటున్నాడు."

ఆ సముద్రం మాకు మామూలు సముద్రం కాదు. దేవుని జనం నడిచి దాటడానికి రెండుగా చీలిందని చిన్నప్పటి నుంచీ మేం విన్న సముద్రం అది. దాంట్లో మునకంటే మాటలా. ఆడవాళ్ళు ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకున్నారు. అయ్యగారొక్కరే గడ్డం గోక్కుని, "అక్కడ ఇచ్చేదెవరంటమ్మా? మన అయ్యగార్లుంటారా?" అన్నారు.

"అంతమంది దొరలు మునుగుతుంటే అయ్యగార్లు లేకుండా ఉంటారా అండీ" అంది అత్తమ్మ.

అదీ జరిగిన పొరపాటు. డైవింగ్ అనే ఆట ఒకటుందని మా పేటలో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు. మాకు మునగడమంటే అప్పుల్లో మునగడం, లేకపోతే కాలవలో బాప్తిస్మానికి మునగడం. మూడో మునక లేదు.

వాళ్ళంతా సంతోషంతో పాట ఎత్తుకుంటే నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నా కొంప మునిగిందని నాకు మాత్రమే తెలుసు. నిన్నెవరూ ముంచరన్న మనిషి, పూచీ నాదన్న మనిషి, తల్లి వైపు తిరిగిపోయాడు. అది కూడా అందరూ వింటుండగా, నవ్వుతూ. బల్ల ఆదివారాలన్నీ వెనక ఒక్కదాన్నే ఎందుకు కూర్చున్నాను మరి? ఆయన మాట మీద కూర్చున్నాను. ఇప్పుడు ఆ మాటే లేచిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం వండాను, తిన్నాను, గిన్నెలు తోమాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నాకు కోపం వస్తే గిన్నెలు బాగా తెల్లబడతాయి.

అయినా వెళ్ళాలని ఉంది. ఇదే నన్ను బాగా బాధపెట్టింది. ముంచినా సరే, ఆయన పక్కన కొన్నాళ్ళుండాలని ఉంది. సెలవులింకా ఎక్కడో ఉండగానే నేను ప్రయాణం కట్టడం మొదలుపెట్టాను. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు. బడిలో పిల్లల పటం తెరిచి ఎర్ర సముద్రం వెతికాను. అది పటంలో మిగతా సముద్రాల్లాగే నీలంగా ఉంది, చుట్టూ ఎడారి పసుపుపచ్చగా ఉంది. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి విమానం. ఎవరు తోడు వస్తారు, ఏ పెట్టె పట్టుకెళ్ళాలి, పండుమిరపకాయల పచ్చడి సీసాలో పెడితే విమానంలో పగులుతుందా, డబ్బాలో పెడితే తుప్పు పడుతుందా. పాస్‌పోర్టు కోసం ఫొటో దిగితే నవ్వకూడదన్నారు, అదేమంత కష్టం కాలేదు.

అత్తమ్మ నాకన్నా ముందుంది. ఇన్నేళ్ళలో నాకు కోరి ఏదీ కొనిపెట్టని మనిషి బస్సెక్కి చీరాల వెళ్ళి, మగ్గం దగ్గర కూర్చుని, అంచు లేని తెల్లచీర నేయించుకొచ్చింది. మునిగేటప్పుడు తెల్లచీరే కట్టాలి. దాన్ని కలరా ఉండలు వేసి ట్రంకు పెట్టెలో పెట్టి, రోజూ సాయంత్రం మూత తీసి ఒకసారి చూసుకునేది. నాతో మాటలు కూడా పెరిగాయి. తన పుట్టింటి కనిగిరి కొండ గురించి చెప్పింది. కరువులో ఆకలైతే తను ఏం తిన్నదో చెప్పింది. ఒకరోజు నా జడ తనే వేసింది. నాకు ఆ చేతులు తల మీద బాగున్నాయి, బాగున్నందుకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అవి నాకోసం కాదు, మునగబోయేదానికోసం.

కళ్ళంలో మిరపకాయలు ఆరబోసినప్పుడు పేటలో ప్రతివాళ్ళూ ఒకటే పరాచికం ఆడేవారు. "ఏమ్మా టీచరమ్మా, అంత దూరమెందుకు, ఎర్ర సముద్రం మాకిక్కడే ఉందిగా, దూకు." మొదటిసారి నవ్వాను. తరవాత చెవుల్లో పత్తి పెట్టుకోవాలనిపించేది.

ఇక జవాబు చెప్పాలి. ఎలా అడగను? అందరి మధ్యా మైకు ముందు కూర్చుని, "మీరు మాట తప్పారా?" అని అడగలేను గదా. రెండు ఆదివారాలు ఆలోచించాను. చివరికి నాకు ఒక ఉపాయం తట్టింది. అత్తమ్మ బటన్ నొక్కగానే వాతావరణమంతా చెప్పి, ఆఖరున మామూలుగా అన్నాను. "మునిగేటప్పుడు ఏ చీర కట్టుకోమంటారు?"

బాప్తిస్మమే అయితే తెల్లచీర అంటారు. అనేస్తే నాకు తెలిసిపోతుంది. అప్పుడు వెళ్ళాలో వద్దో నేనే తేల్చుకుంటాను. అత్తమ్మకి నా ప్రశ్న ఎంత నచ్చిందంటే, "తెల్లదేలేరా, నేను నేయించాను" అని పక్క నుంచి టేపులోకి తనూ ఒక కేక వేసింది. సరిగ్గా ఆ మాట దగ్గరికొచ్చేసరికి టేపు అయిపోయి టక్కున ఆగిపోయిందని అమ్మగారు తరవాత వేసి చూసి చెప్పారు. ఆయనకి చేరింది నా ప్రశ్న ఒక్కటే.

జవాబు పోస్టులో వచ్చేసరికి మిరపకోతలు అయిపోవచ్చాయి. ఈసారి వరండా చాలలేదు. సముద్రపు మునక సంగతి వినాలని పక్క పేట నుంచి కూడా వచ్చారు. నేను టేప్‌రికార్డరు డబ్బాకి దగ్గరగా, చెవి ఆనించేంత దగ్గరగా కూర్చున్నాను.

మొదట ఆయన నవ్వు వినిపించింది. చాలాసేపు నవ్వారు.

"ఏ చీర కట్టుకోవాలా? ఓసి పిచ్చి మొహమా, చీరకట్టి మునుగుతారా ఎవరైనా? ఇక్కడ దొరసానులు రబ్బరుతో కుట్టిన చొక్కా లాగూ వేసుకుంటారు. ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది. మొహానికి అద్దం, వీపున గాలి సిలిండరు, కాళ్ళకి బాతు కాళ్ళలాంటి చెప్పులు. అలా సముద్రం అడుక్కి పోయి చేపల్నీ పగడాల్నీ చూసొస్తారు. అదొక ఆట. ఆ ఆట కోసమే ఇన్ని హోటళ్ళు..."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. ఒకామె "రబ్బరు లాగూనా" అంది, అంతే, వరండా అంతా పగలబడింది. నోట్లో కొంగు కుక్కుకున్నవాళ్ళు, గోడకి చేరబడ్డవాళ్ళు. "తెల్లచీర నేయించావుగా అక్కా, రబ్బరుది కూడా నేయించు" అని ఎవరో అన్నారు. అత్తమ్మ ఎవరివైపూ చూడకుండా లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అయ్యగారు "ఊరుకోండమ్మా, ఊరుకోండి" అంటూనే తనూ నవ్వాపుకోలేక లోపలికెళ్ళారు.

నేను నవ్వలేదు. నాకు ఊపిరి వచ్చింది. ఆయన మాట తప్పలేదు. చేపలు చూపిస్తానన్నారు, అంతే. నన్ను నన్నుగానే రమ్మన్నారు. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

కానీ టేపు ఆపలేదెవరూ. ఆ నవ్వుల మధ్య అది తిరుగుతూనే ఉంది. డబ్బా పక్కన ఉన్నదాన్ని కాబట్టి మిగతాది నేనొక్కదాన్నే విన్నాను. "నువ్వంత లోతుకి వద్దులే, నాకూ రాదు. మెడలోతు నీళ్ళలో నిలబడి, అద్దం పెట్టుకుని మొహం ముంచితే చాలు, అన్నీ కనపడతాయి. అట్లా చూపిద్దామనుకున్నా. ఒకటి చెప్పాలి. క్వార్టర్లు ఇంజినీర్ల ఫ్యామిలీలకేనని ఇప్పుడంటున్నారు. నాకు రాదు. ఈ వేసవికి కుదరదు. మళ్ళీ ఎప్పుడో నాకూ తెలియదు. అమ్మకి నువ్వే మెల్లగా చెప్పు."

తరవాత టేపు గరగరమంది. నేను లేచి అత్తమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికెళ్ళాను.

ఎలా చెప్పను? ఆమె నాతో మాట్లాడటం లేదు. నాతో ఏమిటి, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ట్రంకు మూత తెరవడం మానేసింది. పేటలో నడిచి వెళ్తుంటే ఆడపిల్లలు వెనక కిసుక్కుమనేవారు. ఆ మనిషి ఏడెనిమిది ఊళ్ళకి చెప్పుకుంది, నా కోడలు ఎర్ర సముద్రంలో మునుగుతోందని. ఇప్పుడు ఆ ఊళ్ళన్నిటికీ రబ్బరు లాగు సంగతి చేరింది. నా మనసులో సంతోషమూ దుఃఖమూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి, రెంటినీ చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. మళ్ళీ ఇద్దరం ఒకే పొయ్యి వంక చూడటం మొదలుపెట్టాం.

ఒక సెలవు రోజు ఇద్దరం కళ్ళంలో మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. అత్తమ్మ తల ఎత్తకుండా, కాయ వంక చూస్తూ మాట్లాడింది.

"వెళ్ళమ్మాయ్."

"ఎక్కడికత్తమ్మా?"

"వాడి దగ్గరకి. రబ్బరు లాగో, మరొకటో, ఏదో ఒకటి. మొగుడి దగ్గరకే గదా. చేపల్నే చూసిరా. నవ్వేవాళ్ళు నన్ను ఎట్లాగూ నవ్వారు. నిండా మునిగినవాడికి చలేంటి."

ఆమె ఆ మాట అనడానికి ఎన్ని రోజులు కూడగట్టుకుందో నాకు తెలుసు. మునక కోసం కాదు, ఎవరి మెప్పు కోసం కాదు, నాకోసం అన్నది. సరిగ్గా అప్పుడే నేను చెప్పవలసి వచ్చింది.

"కుదరదంట అత్తమ్మా. క్వార్టరు ఇవ్వరంట. ఆ టేపులోనే చెప్పారు, మీరు వచ్చేశాక."

ఆమె చేతిలో కాయ ఆగింది. "మరి వాడెప్పుడొస్తాడంట?"

"తెలీదన్నారు."

మిరపకాయలు ఒలిచేచోట ఒక సుఖం ఉంది. ఎవరు కళ్ళు తుడుచుకున్నా ఎందుకని ఎవరూ అడగరు. మేమిద్దరం అడక్కుండానే చాలాసేపు తొడిమలు తీశాం. చివరికి అత్తమ్మ ఒళ్ళు దులుపుకుని లేస్తూ, "సముద్రం వాడికే ఉందా ఏంటి. మనకి లేదూ?" అంది.

బడికి సెలవులిచ్చిన వారంలో ఇద్దరం బస్సెక్కి చీరాల వెళ్ళి, అక్కడ నుంచి రిక్షాలో ఓడరేవు చేరాం. నాకు అదే ఆ వేసవి ప్రయాణం. గొడుగులు లేవు, హోటళ్ళు లేవు. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు, ఎండుచేపల వాసన. అత్తమ్మ బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూర్చుంది. "వెళ్ళు, మెడ లోతు దాకానే. అంతకన్నా పోబాక" అంది.

వెళ్ళాను. అలలు మోకాళ్ళని తోశాయి, నడుముని తోశాయి. చీర బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంది. మెడ లోతులో నిలబడి ఊపిరి బిగబట్టి మునిగాను. ఆయన చెప్పినట్టు కళ్ళు తెరిచాను. అద్దం లేదుగా, ఉప్పు మంటగా కోసింది. చుట్టూ మడ్డి. చెయ్యి చాపితే నా చెయ్యే నాకు కనపడలేదు. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. ఆ హోరులో నేనొక్కదాన్నే ఉన్నానని అంత బాగా నాకు ఎప్పుడూ తెలియలేదు.

పైకి లేచి ఒడ్డుకొస్తే అత్తమ్మ నీళ్ళ దాకా ఎదురొచ్చింది. మూట విప్పింది. అందులో ఉన్నది ఆ తెల్లచీర. నేను ఆగిపోయాను. "వేరే పొడిది లేక తెచ్చాన్లే, కట్టుకో" అని తనే చాటు పట్టింది. నా జుట్టు కొంగుతో పిండుతూ, నెమ్మదిగా అడిగింది.

"ప్రభువు పేరు తలచి మునిగావా, ఊరికే మునిగావా?"

తలిచానంటే అయిపోయేది. "ఊరికేనత్తమ్మా" అన్నాను.

ఆమె జుట్టు పిండటం ఆపలేదు. "ఊరికే మునిగినా తడే గదా" అంది.

తరవాతి ఆదివారం అయ్యగారి వరండాలో జవాబు టేపు పెట్టాం. ఓడరేవు సంగతి, తెల్లచీర సంగతి అప్పటికే పేటంతా తెలుసు. అయ్యగారు ఆశగా, "ఏమ్మా, అమ్మాయిది అయినట్టేనా? పేరు రాసుకోనా?" అని అత్తమ్మని అడిగారు. ఒక్క అబద్ధమాడితే ఆమె పోయిన పరువు తిరిగొచ్చేది, నేను వెనక బెంచీ వదిలి ముందుకొచ్చేదాన్ని.

"కాదండి. ఊరికే మునిగింది" అంది అత్తమ్మ, అందరూ వినేట్టు.

తరవాత బటన్ నొక్కి, మైకుని నోటి దగ్గరికి లాక్కుంది. "ఒరేయ్, నీ పెళ్ళాన్ని నేనే తీసుకెళ్ళి ముంచుకొచ్చాన్రా, మన సముద్రంలో." ఆడవాళ్ళు నవ్వారు. ఈసారి నవ్వులో ముల్లు లేదు. మైకు నావైపు తిప్పింది.

నేను ఎప్పుడూ చెప్పేవన్నీ గుర్తుచేసుకున్నాను. ఇక్కడ అందరం క్షేమం. ఎండలు ముదిరాయి. నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"మీరు చెప్పినట్టే చేశాను" అన్నాను. "మెడ లోతులో నిలబడి మొహం ముంచాను. కళ్ళు తెరిచి చూశాను. చేపలు లేవు, పగడాలు లేవు. పక్కనే ఉంటానన్నారు. మీరూ లేరు."

నాకు ఇంకో మాట రాలేదు. టేపు ఖాళీగా తిరుగుతోంది. అత్తమ్మ చెయ్యి అలవాటుగా బటన్ మీదికి వెళ్ళింది. నొక్కలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"తిరగనీ" అంది. "వాణ్ణి విననీ."